ఆడవాళ్ళ మీద కొత్త నాటిక చేద్దామనుకుంటున్నారా, ముందు ఒక కాయితం పట్టుకోండి

"ఈసారి స్త్రీల సమస్య మీద చేద్దాం" అని కూర్చున్న టీముల్లో ఎక్కువమంది మొదటి మీటింగ్‌లో చేసేది ఒకటే. కట్నం, గృహహింస, చదువు, ఉద్యోగం, వేధింపులు అన్నీ వరసగా రాసుకుని ఒక్కోదానికి ఒక్కో సీన్ పంచేసుకుంటారు. అది చివరికి మార్చి 8న మైకు ముందు ఇచ్చే ఉపన్యాసంలాగా తయారవుద్ది, మధ్యలో ఒకామె చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తుంటుంది, అంతే తేడా. కాబట్టి టాపిక్ సంగతి పక్కన పెట్టేయండి. ఒక ఆడమనిషి ఒకటి అడగాలి, లేదా ఆమెని ఒకటి అడిగితే ఆమె ఇవ్వను అనాలి. ఆ అడిగేది కూడా "గౌరవం", "స్వేచ్ఛ" లాంటిది కాకుండా చేత్తో పట్టుకుని చూపించగలిగేదై ఉండాలి, ఒక సంతకం, ఒక తాళంచెవి, ఒక హాల్ టికెట్, ఏదో ఒకటి.

నేను ఇక్కడ ఒకే ఉదాహరణ తీసుకుని చివరిదాకా దాని మీదే చెప్తాను, పుట్టింటి పొలంలో వాటా వదులుకుంటూ ఆడపడుచు పెట్టే సంతకం. మన రెండు రాష్ట్రాల్లో ఇది జరగని ఊరు ఉండదు. నాన్న పోయిన కొన్నాళ్ళకి అన్నయ్య ఫోన్ చేస్తాడు, "ఒకసారి రా అమ్మాయ్, రిజిస్ట్రార్ ఆఫీసులో చిన్న పనుంది" అని. హక్కు విడుదల దస్తావేజు రెడీగా ఉంటుంది, ఈమె వచ్చి వేలిముద్ర, ఫోటో, సంతకం ఇచ్చి, అన్నయ్య పెట్టిన చీర తీసుకుని సాయంత్రం బస్సెక్కుతుంది. మన నాటికలో ఆమె పెట్టనంటుంది, కథ అంతే. ఇంతకంటే పెద్ద కథ గంట నాటికకి అక్కర్లేదు అనేది నా అభిప్రాయం.

లా పాయింట్ తెలుసుకున్నాకే పెన్ను పట్టుకోండి

హాల్లో మూడో వరసలో ఒక దస్తావేజు లేఖరో ప్లీడరో కచ్చితంగా కూర్చుని ఉంటాడు, మీరు ఒక్క తప్పు రాస్తే పక్కవాడికి చెప్తాడు, అక్కడితో ఆ వరస మొత్తం పోతుంది. హిందూ వారసత్వ చట్టానికి ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకొచ్చింది, ఉమ్మడి కుటుంబం ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చింది, కాకపోతే అప్పటికే పెళ్ళయిపోయిన కూతుళ్ళకి వర్తించలేదు. ఆ పెళ్ళి అడ్డు తీసేసింది 2005 సెప్టెంబర్ 9 కేంద్ర సవరణ. ఆ తేదీకి నాన్న బతికుండాలా వద్దా అని కోర్టుల్లో చాలా ఏళ్ళు నలిగింది, 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు అక్కర్లేదని తేల్చింది. నాన్న సొంతంగా సంపాదించుకున్నదైతే వేరే లెక్క, అది ఆయన విల్లు రాసి ఎవరికైనా ఇచ్చుకోవచ్చు. అంటే మీ కథలో పొలం తాతల నాటిదా నాన్న కొన్నదా అనేది మొదటి పది నిమిషాల్లోనే ప్రేక్షకుడికి తెలియాలి, లేకపోతే ఆ లేఖరి గారు ఒప్పుకోరు.

ఇంకో తేదీ ఉంది, నాటకం రాసేవాళ్ళకి ఇది బంగారం. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టర్డ్ దస్తావేజుతోనో కోర్టు డిక్రీతోనో పంపకాలు అయిపోయుంటే వాటిని ఇప్పుడు కదిలించలేరు. మరి అన్నయ్య బీరువాలోంచి ఒక పాత తెల్లకాయితం తీశాడనుకోండి, 2002లో పెద్దమనుషుల ముందు రాసుకున్న పంపకాల కాయితం, నాన్న సంతకం ఉంది, రిజిస్ట్రేషన్ లేదు. అలాంటి కాయితం కోర్టులో నిలబడ్డం చాలా కష్టం. ఆ సంగతి చెల్లెలికి తెలుసా, తెలిసినా నోరు తెరిచి అంటుందా, అంటే నాన్న సంతకం చెల్లదని ఆమే అన్నట్టు అవుతుంది కదా. ఇక్కడ సీన్ దానంతట అదే వచ్చేసింది చూడండి, మీరు కూర్చుని ఏమీ కల్పించక్కర్లేదు. లా తెలియకపోతే ఈ సీన్ మీకు దొరికేదే కాదు.

మనుషుల్ని కలవడం

ఇది ఎక్కువ టైమ్ పెట్టాల్సిన పని, అందరూ తక్కువ పెట్టేది కూడా ఇక్కడే. సంతకం పెట్టినవాళ్ళని, పెట్టనివాళ్ళని, పెట్టించుకున్న అన్నదమ్ముల్ని కూడా కలవండి. వెళ్ళగానే ఫోన్ తీసి రికార్డింగ్ ఆన్ చేస్తే టీవీ వాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడతారు. "మీ సమస్యలేంటి అమ్మా" అని అస్సలు అడగొద్దు, దానికి అందరి దగ్గరా ఒకటే జవాబు ఉంటుంది. ఆ రోజు మిమ్మల్ని ఆఫీసుకి ఎవరు తీసుకెళ్ళారు, ఏ చీర కట్టుకెళ్ళారు, లోపల ఎంతసేపు కూర్చోబెట్టారు, తిరిగొచ్చేటప్పుడు టిఫిన్ ఎక్కడ తిన్నారు, డబ్బులు ఎవరిచ్చారు అని అడగండి. అలా అడిగితే వాళ్ళకి ఆ రోజు మొత్తం గుర్తొస్తుంది, మీరు అడగంది కూడా చెప్తారు.

ఆడవాళ్ళు గుంపుగా కూర్చుంటే వచ్చే మాటలు వేరు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు కళాజాతాలు ఊరూరా పాటలు, నాటికలు వేసేవి, రాత్రి బడిలో వాచకంలో సారా గురించిన పాఠం చదువుకున్న ఆడవాళ్ళు అక్కడే మాట్లాడుకోవడం మొదలెట్టారు. దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక పోరాటం 1992కల్లా జిల్లా అంతా పాకింది, 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్య నిషేధం. ఉపన్యాసం విని వాళ్ళు కదల్లేదు, ఆ పాఠంలో కథ తమ ఇంటి కథలాగే ఉంది, పక్కన కూర్చున్నామె కూడా "మా ఇంట్లోనూ ఇంతే" అంది, అక్కడ పడింది అడుగు. మీరు కూడా నలుగురైదుగురిని కలిపి కూర్చోబెట్టండి, డ్వాక్రా సంఘం మీటింగ్ అయిపోయాక ఒక అరగంట అడిగితే ఎవరూ కాదనరు.

విన్నది వాడుకోవడానికి పర్మిషన్ అడగాలి, పేరు మారిస్తే సరిపోతుందనుకోకండి. ఊళ్ళో ఇద్దరు అన్నలు ఒక చెల్లెలు, చిన్నన్న లారీ డ్రైవరు అంటే చాలు, ఎవరి కథో పిల్లాడు కూడా చెప్పేస్తాడు. ఇద్దరు ముగ్గురి కథల్ని కలిపేయండి, కుటుంబం లెక్క మార్చండి, రాసింది వాళ్ళకి ఒకసారి చదివి వినిపించండి. "ఇది తీసేయండి" అంటే ఎంత మంచి డైలాగ్ అయినా తీసేయాల్సిందే, ఇందులో బేరాల్లేవు.

ఎదుటివాడికి కూడా కారణం ఉండాలి

అన్నయ్యని తాగుబోతుని, దుర్మార్గుణ్ణి చేసేశారంటే నాటిక అక్కడే ముగిసింది. అతను చెల్లెలి పెళ్ళికి చేసిన అప్పు మొన్నటిదాకా కట్టాడు, నాన్నని ఆసుపత్రుల చుట్టూ తిప్పింది అతనే, ఇప్పుడు బ్యాంకు లోను కావాలంటే పొలం ఒక్క పేరు మీదే ఉండాలంటున్నారు. ఇవన్నీ నిజాలే, అయినా చెల్లెలి వాటా చెల్లెలిదే. ఈ రెండూ ఒకేసారి నిజమవ్వడమే నాటకం.

చెల్లెలికి కూడా ఒక మచ్చ ఉండాలి. ఆమె మొగుడు చిట్టీల్లో ఇరుక్కున్నాడు, వాటా అడగమని వారం నుంచి చెవిలో జోరీగలాగా పోరుతున్నాడు. మరి ఈ అడగడం ఆమెదా, అతనిదా? ఈ ప్రశ్న అన్నయ్య వేస్తే దెబ్బలాట, వదిన వేస్తే దెప్పిపొడుపు, అమ్మ వేస్తే మాత్రం ఆమె దగ్గర జవాబు ఉండదు. అమ్మతోనే వేయించండి.

అసలు అమ్మ పాత్రని బాగా రాస్తే మిగతావి అవే కుదురుకుంటాయి. ఆమె కూడా తన పుట్టింట్లో ఎప్పుడో సంతకం పెట్టేసి వచ్చిన మనిషి. ఇవాళ కూతురు పెట్టనంటే, ఆ రోజు తను పెట్టింది ఎందుకు పెట్టినట్టు? ఆమె కొడుకు పక్షాన మాట్లాడుతోందని అందరూ అనుకుంటారు, నిజానికి తన పాత సంతకాన్ని కాపాడుకుంటోంది. వదినకీ ఒక అన్నయ్య ఉన్నాడు, ఆమె ఇక్కడ చెల్లెలు ఓడిపోవాలని కోరుకుంటూనే, గెలిస్తే మా ఊళ్ళో నేనూ అడగొచ్చు కదా అని లోపల లెక్కేసుకుంటుంది. ఆ మాట ఆమె చేత అనిపించొద్దు, నాటికలో ఒక్కసారి ఆమె ఆ దస్తావేజు తీసుకుని రెండు పేజీలు చదివితే చాలు.

ఎదుటివాడి కారణాన్ని పట్టుకునే కథ నడిపే ఎత్తు మన పాత నాటకాల్లో ఉన్నదే. కాళ్ళకూరి నారాయణరావు వరవిక్రయంలో కమల కట్నం తప్పని గొంతు చించుకోదు, పెళ్ళయ్యాక "డబ్బిచ్చి కొనుక్కున్నది మేము, కాబట్టి పెళ్ళికొడుకే మా ఇంటికి రావాలి" అనే వాదనతో అత్తారింటికి వెళ్ళకుండా కోర్టు దాకా లాగుతుంది. అవతలివాళ్ళ లెక్కని వాళ్ళ మీదకే తిప్పింది. జనం నవ్వుతూనే ఆమె వైపుకి వచ్చేస్తారు. మీ నాటికలో కూడా అలాంటి నవ్వు వచ్చే చోటు ఒకటైనా వెతకండి, గంటసేపు మూతి ముడుచుకుని కూర్చోమంటే ఎవరూ కూర్చోరు.

రాయడం రిహార్సల్ హాల్లోనే

రైటర్ ఒక్కడే ఇంట్లో కూర్చుని మొత్తం రాసి తెచ్చే పద్ధతి ఈ సబ్జెక్టుకి అంతగా పనికిరాదని నేననుకుంటాను, ముఖ్యంగా రైటరు మగవాడైతే. సీన్ పరిస్థితి మాత్రం చెప్పి నటీనటుల్ని మాట్లాడనివ్వండి, ఫోన్లో రికార్డు చేయండి, తర్వాత రైటర్ విని రాయాలి. ఇరవై నిమిషాల ఇంప్రొవైజేషన్‌లో వాడుకోదగ్గ మాటలు రెండొస్తే గొప్ప, నిరాశపడొద్దు. ఒకసారి అన్నయ్య వేషం వేసేవాణ్ణి చెల్లెలుగా చేయమనండి, ఆమెని అన్నయ్యగా చేయమనండి. మగవాడు ఆ కుర్చీలో కూర్చుని సంతకం పెట్టనని అనాల్సొచ్చినప్పుడు వెంటనే లా పాయింట్లు మాట్లాడతాడు, ఆడమనిషి అయితే ముందు "అమ్మ టాబ్లెట్ వేసుకుందా" అని అడుగుతుంది. ఆ తేడా స్క్రిప్టులోకి రావాలి.

డైలాగ్ ఎలా ఉండకూడదో చెప్తాను, "ఈ పురుషాధిక్య సమాజం తరతరాలుగా స్త్రీని..." అని ఎక్కడైనా మొదలైతే ఆ పేజీ చింపేయండి. ఇలా ఉంటే పర్లేదు:

అన్న: సంతకమే కదా అమ్మాయ్. టీ తాగేలోపు అయిపోద్ది.
చెల్లి: అంత చిన్న పనైతే నువ్వే నాకు రాసియ్యకూడదా అన్నయ్యా?
అమ్మ: ముందు అన్నం తినండి ఇద్దరూ.

ఈ మూడు మాటల్లో ఎవరికేం కావాలో ఉంది, ఎవరూ ఎవర్నీ తిట్టలేదు. యాస కూడా ఏ ఊరిదో ఒకటి అనుకుని దాని మీదే ఉండండి, అమ్మ గుంటూరు, కూతురు టీవీ సీరియల్, అన్నయ్య సినిమా తెలంగాణ మాట్లాడితే ఒక ఇంట్లో పెరిగినట్టు ఉండదు. కూతురు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తుంటే ఆమె మాట కొంచెం మారుతుంది, కోపమొచ్చినప్పుడు మాత్రం మళ్ళీ ఊరి మాట వచ్చేస్తుంది, అది వాడుకోవచ్చు.

పరిషత్తుకి, అంటే నాటక పోటీలకి, పంపాలనుకుంటే వాళ్ళ టైమ్ రూలు, పాత్రల రూలు ముందే చూసుకోండి. ఐదు పాత్రలు, ఒక్కటే సెట్టు, ఇంటి ముందు వసారా, ఒక మంచం, రెండు కుర్చీలు, సరిపోతుంది. రిజిస్ట్రార్ ఆఫీసు చూపించక్కర్లేదు, గేటు బయట హారన్ కొట్టే కారు చాలు.

నటీమణుల విషయం

మన స్టేజీ మీద ఈ కష్టం కొత్తది కాదు. 1885లో కడప జిల్లాలో మొదలైన సురభి వాళ్ళు కుటుంబాలతో సహా ఆడవాళ్ళ చేతే ఆడవేషాలు వేయించారు గానీ, బయట నాటక సమాజాల్లో చాలాకాలం ఆ వేషాలు మగవాళ్ళవే. స్థానం నరసింహారావు గారికి 1956లో పద్మశ్రీ వచ్చింది స్త్రీ పాత్రలకే. ఆయన గొప్పతనం ఆయనదే, కానీ ఆడమనిషి స్టేజి మీద ఇలా నడవాలి, ఇలా తలొంచుకుని ఇలా ఏడవాలి అని మగవాళ్ళు కట్టిన నమూనా ఒకటి మన కళ్ళలో ఉండిపోయింది, ఇప్పటి ఆడవాళ్ళ చేత కూడా అదే చేయిస్తున్నాం అనిపిస్తుంది నాకు.

ఇప్పుడు పరిషత్తుల్లో కొద్దిమంది నటీమణులే నాలుగైదు సమాజాలకి తిరుగుతూ ఉంటారు, ప్రదర్శనకి ముందు ఒకట్రెండు రిహార్సల్స్‌కి వచ్చి చేసేస్తారు. వాళ్ళ ఓపికకి దండం పెట్టాలి, కానీ ఇలాంటి నాటికకి ఆ పద్ధతి కుదరదు, మొదటి మీటింగ్ నుంచి వాళ్ళు ఉండాలి, ఆ రోజులకీ డబ్బులివ్వాలి. రాత్రి ఎనిమిదికి రిహార్సల్ పెట్టి ఆడవాళ్ళు రావట్లేదని అనుకుంటే ఎలా, ఆదివారం పగలు పెట్టండి, పిల్లాణ్ణి తెచ్చుకుంటే తెచ్చుకోనివ్వండి, ఆటో ఛార్జీ బడ్జెట్లో మొదటి లైన్లో రాయండి, రాత్రి ప్రదర్శన అయ్యాక ఎవరు దింపాలో ముందే అనుకోండి. టీములో ఎవరన్నా తేడాగా ప్రవర్తిస్తే ఎవరికి చెప్పాలో ఒక ఆవిడ పేరు మొదటి రోజే అందరికీ చెప్పేయండి.

చదివి వినిపించడం, తిరగరాయడం

మొదటి డ్రాఫ్ట్ అయ్యాక పదిమందిని కూర్చోబెట్టి చదవండి. అందులో ఒక అరవై దాటిన పెద్దావిడ, ఒక ప్లీడరు, "ఆడపిల్లకి పెళ్ళి చేశాం కదా, ఇంకా వాటా ఏంటి" అని గట్టిగా నమ్మేవాడు ఒకడు ఉండి తీరాలి. బాగుందా అని అడిగితే బాగుందనే అంటారు. ఎక్కడ బోర్ కొట్టింది, మొదట ఎవరి వైపు ఉన్నారు, ఎక్కడ మారారు అని అడగండి. అందరూ మొదటి నిమిషం నుంచి చెల్లెలి వైపే ఉన్నారంటే అన్నయ్యకి మీరు అన్యాయం చేశారని అర్థం, మళ్ళీ రాయండి. తిరగరాయడానికి సిగ్గుపడక్కర్లేదు, కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ఆడింది, 1897లో అచ్చయింది, అయినా గురజాడ ఊరుకోకుండా 1909లో దాదాపు కొత్త నాటకంలాగా తిరగరాసి వేశారు. మనం ఇవాళ మధురవాణి అని చెప్పుకునే మనిషి ఆ రెండో కన్యాశుల్కంలోనే నిండుగా కనిపిస్తుంది.

ఎండింగ్ దగ్గర అందరూ భయపడతారు. నార్వే రచయిత ఇబ్సెన్ రాసిన 'ఎ డాల్స్ హౌస్' నాటకంలో నోరా 1879లో కోపెన్‌హాగన్ స్టేజి మీద ఇల్లొదిలి వెళ్ళిపోయింది, తర్వాత ఏడాది జర్మనీలో ఆ వేషం వేయాల్సిన నటి నా పిల్లల్ని నేనైతే వదిలి వెళ్ళను, ఇలా చేయనంది. ఇంకెవరో చేతికొచ్చినట్టు మార్చేస్తారని ఇబ్సెనే వేరే ముగింపు రాసిచ్చాడు, పిల్లల గది ముందు నోరా కూలబడిపోయేట్టు, రాసిచ్చి దాన్ని ఆయనే అనాగరికమైన పని అని తిట్టుకున్నాడు. మీకూ ఎవరో ఒకరు చెప్తారు, "చివర్లో అన్నయ్య మారిపోయి చెల్లెలి కాళ్ళు కడిగితే చప్పట్లు పడతాయి" అని. పడతాయి, నిజమే. కానీ అప్పుడు ఆమె గెలిచింది అన్నయ్య దయ వల్ల అవుతుంది, ఆమె అడిగినందుకు కాదు. అలాగే ఉరి తాడు, పురుగుమందు డబ్బా కూడా వద్దు, చచ్చిపోయిన ఆడదాని మీద జాలిపడ్డం మన జనానికి బాగా అలవాటే, బతికుండి వాటా అడిగేదాన్ని చూసి తట్టుకోవడమే కష్టం. నా వోటు అయితే ఆమె సంతకం పెట్టకుండా, బస్సు కూడా ఎక్కకుండా, ఆ రాత్రికి పుట్టింట్లోనే ఉండిపోవడానికి. రేపు పొద్దున ఆ ఇంట్లో ఏం జరుగుతుందో ప్రేక్షకులే తిట్టుకుంటూ ఊహించుకుంటారు.

లైట్లు, మ్యూజిక్ గురించి పెద్దగా చెప్పను, ఏడుపు వచ్చినప్పుడల్లా వయొలిన్ వేయకండి చాలు. పరిషత్ స్టేజీల మీద పైనుంచి వేలాడే మైకులకి అందాలని అందరూ అరుస్తారు, ఈ నాటికలో అమ్మ మాత్రం అరవకూడదు, కాబట్టి ఆమె కుర్చీ సరిగ్గా మైకు కింద పడేట్టు బ్లాకింగ్, అంటే స్టేజి మీద ఎవరు ఎక్కడుండాలనే ఏర్పాటు, చేసుకోండి.

ప్రదర్శన అయ్యాక

ఊళ్ళల్లో ఆడితే చివర్లో పది నిమిషాలు మాట్లాడే టైమ్ పెట్టుకోండి, మైకు ముందు ఆడవాళ్ళకే ఇవ్వండి, లేకపోతే సర్పంచి గారి దగ్గర మొదలై అక్కడే ఆగిపోద్ది. బ్రెజిల్ వాడు అగస్టో బోల్ మొదలెట్టిన ఫోరం థియేటర్ పద్ధతి ఒకటి ఉంది, ప్రేక్షకుల్లోంచి ఒకరు లేచొచ్చి పాత్ర స్థానంలో నిలబడి "నేనైతే ఇలా అంటాను" అని ఆడి చూపిస్తారు, 1985లో మొదలైన జన సంస్కృతి అనే నాటక బృందం వాళ్ళు బెంగాల్ పల్లెల్లో దీన్ని చేస్తున్నారు. మన నాటికకి ఇది బాగా పనికొస్తుంది, అన్నయ్య ఫోన్ చేసిన సీన్ దగ్గర ఆపి ఎవరన్నా వచ్చి చెల్లెలుగా మాట్లాడమంటే మీకు రాని డైలాగులు వాళ్ళ దగ్గర వస్తాయి.

ప్రదర్శన అయ్యాక ఎవరో ఒకావిడ మీ మేకప్ రూమ్ దగ్గరకొచ్చి "వచ్చే వారం నన్ను సంతకానికి రమ్మన్నారు" అని చెప్తుంది, ఇలాంటి నాటికకి ఇది తప్పదు, ముందే సిద్ధంగా ఉండండి. మీరు సలహా ఇవ్వకండి, వాళ్ళింటికి వెళ్ళి అన్నయ్యతో మాట్లాడతామని అసలే అనకండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆడవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు, 15100కి ఫోన్ చేయొచ్చు, ఆ నంబరు ఒక చీటీ మీద రాసి కొన్ని కాపీలు దగ్గర పెట్టుకోండి.

స్క్రిప్టు మీద పేర్ల సంగతి కూడా మొదటి ప్రదర్శనకి ముందే తేల్చుకోవాలి. రచయితకి కాపీరైటు బతికినన్నాళ్ళు, ఆ తర్వాత ఇంకో 60 ఏళ్ళు ఉంటుంది, మరి సగం డైలాగులు రిహార్సల్లో నటీమణుల నోట్లోంచి వచ్చినప్పుడు రచయిత ఎవరు? ఒక పేజీలో రాసుకోండి, ఎవరి పేర్లు వేయాలి, వేరే సమాజం ఆడతామంటే ఎవరిని అడగాలి, డబ్బు వస్తే ఎలా పంచుకోవాలి అని, అందరూ సంతకాలు పెట్టండి. పెట్టే ముందు మాత్రం ప్రతి ఒక్కరూ అది పూర్తిగా చదవాలి.